రైలు కట్టకు అవతలి సూరత్

చీరల కోసం సూరత్ వెళ్లే తెలుగు వ్యాపారికి ఆ ఊరంటే రింగ్ రోడ్డే. స్టేషన్లో దిగి, సహారా దర్వాజా చుట్టుపక్కల బట్టల మార్కెట్లు తిరిగి, పార్సిల్ బుక్ చేసి రైలెక్కేస్తాడు. ఆ మార్కెట్ల వెనకే రైలు కట్ట. దాని కిందుగా అవతలికి తీసుకెళ్లే దారిని అక్కడ గర్నాలా అంటారు. గట్టి వాన పడితే అందులో నీళ్లు నిలుస్తాయి, రాకపోకలు ఆగుతాయి. ఆ గర్నాలా దాటితే లింబాయత్. వ్యాపారి కొన్న చీరకు నూలు పోగు దగ్గర నుంచి మడత దాకా చాకిరీ చేసినవాళ్లలో చాలామంది ఉండేది ఆ వైపునే. వాళ్లలో వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి వెళ్లిన పద్మశాలీలు వేల కుటుంబాలు. ఇల్లు కట్టుకుని, రేషన్ కార్డు, ఓటరు కార్డు తీసుకుని, మనవల్ని ఎత్తుకున్నవాళ్లు.

కాగితాల మీద ఇది సూరత్ నగరపాలికలో ఆగ్నేయ జోన్. నగరంలో 30 వార్డులు, ఒక్కో వార్డుకు నలుగురు చొప్పున 120 మంది కార్పొరేటర్లు. అయితే చెత్త బండి రాకపోయినా, డ్రైనేజీ పొంగినా జనం పరుగెత్తేది జోన్ ఆఫీసుకే. ఈ జోన్ల ఏర్పాటు వెనక ఒక తెలుగు పేరుంది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది సూరత్ విడిచి పారిపోయారు. మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు నగరాన్ని ఆరు జోన్లుగా విడగొట్టి, ఒక్కో జోన్‌కు ఒక అధికారిని పెట్టి, ఆఫీసర్లను ఏసీ గదుల్లోంచి పొద్దున్నే వీధుల్లోకి నడిపించారు. ఎస్.ఆర్. రావు అంటే సూరత్ పాత తరానికి ఇప్పటికీ గుర్తే. 1998లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆ బాటలోనే నడిచిన సూరత్ 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో కలిసి దేశంలో మొదటి స్థానం పంచుకుంది. ఆ బహుమతి వార్తల పక్కన వేసిన ఫొటోలు మాత్రం ఎక్కువగా తపతి ఒడ్డువీ, అఠ్వా వైపువీ!

లింబాయత్‌లో ఎన్ని రకాల జనం ఉన్నారో తెలుసుకోవాలంటే జనాభా లెక్కలు తిరగేయనక్కర్లేదు, 2022 అసెంబ్లీ ఎన్నికలు చూస్తే చాలు. ఈ ఒక్క నియోజకవర్గంలో 44 మంది పోటీ చేశారు. గుజరాత్ మొత్తంలో అదే ఎక్కువ. పేర్లన్నీ పట్టడానికి ఒక్కో బూత్‌లో మూడు బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. ఖాందేశ్ నుంచి వచ్చిన మరాఠీలు, ముస్లింలు, ఉత్తరప్రదేశ్, బీహార్, రాజస్థాన్ వాళ్లు, ఒడియాలు, మన తెలుగువాళ్లు... గుజరాత్‌లో ఉంటూ గుజరాతీలే మైనారిటీ అనిపించే చోటు. 2012లో నియోజకవర్గానికి తొలి ఎన్నిక జరిగింది మొదలు మూడుసార్లూ గెలిచింది మరాఠీ ఆడపడుచు, బీజేపీ నాయకురాలు సంగీతా పాటిల్.

మనవాళ్లు ఇక్కడికి ఎలా చేరారు? చేనేత కూలబడినప్పుడల్లా తెలంగాణ నేతగాడు పడమటి దారి పట్టాడు. షోలాపూర్, భీవండి, బొంబాయి, అహ్మదాబాద్, చివరికి సూరత్. వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు వేల మందికి అన్నం పెట్టింది. అది చిక్కిచిక్కి 2002లో మూతపడింది. ఆ లోపలే సూరత్‌లో పాలిస్టర్ చీర రాజ్యమేలడం మొదలైంది. నూలు తెలిసిన చేతులకు అక్కడ కొదవలేని పని. ఒకరు పోయి కుదురుకుంటే బావమరిది, బావమరిది వెంట వాళ్ల ఊరి పిల్లగాళ్లు. అహ్మదాబాద్ నుంచి చెన్నై పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్‌లో ఆగుతుంది, వరంగల్‌లో ఆగుతుంది. రైలు మారాల్సిన పని లేదు, మూటాముల్లె సీటు కింద తోసి కూర్చుంటే చాలు. ఊళ్లో బంధువుల ఇంట్లో పెళ్లయినా, చావైనా లింబాయత్ తెలుగిళ్లలో ముందు వినపడేది ఒకటే మాట: "నవజీవన్‌ల సీటు దొరుకుతదా అన్నా?"

దూరం నుంచి వచ్చిన శ్రామికులు ఒక వార్డును తమదిగా చేసుకోవడం సూరత్‌కే చెల్లలేదు. జపాన్‌లో ఒసాకా నగరంలో 24 వార్డులున్నాయి. అందులో ఇకునో వార్డు కొరియన్లకు పేరు. 1920ల్లో కొరియాకు చెందిన జెజు దీవి నుంచి ఒసాకాకు నేరుగా స్టీమర్లు పడ్డాయి. వాటిలో వచ్చి చిన్న చిన్న కార్ఖానాల్లో కూలికి కుదిరినవాళ్ల మూడో తరం, నాలుగో తరం ఇవాళ్టికీ అక్కడే ఉంది. మనవాళ్లకు ఆ స్టీమరు పని నవజీవన్ చేసింది. తేడా ఏమిటంటే, మనవాళ్లు దాటింది దేశం కాదు, రాష్ట్రాలే. ఓటు ఉంది. అందుకే ఎన్నికల ముందు తెలంగాణ నాయకులు కూడా ఈ గల్లీల్లో ప్రత్యక్షమవుతుంటారు.

ఇక పని సంగతి. సిరిసిల్లలో అన్నట్టే ఇక్కడి తెలుగువాళ్లూ మరమగ్గాన్ని సాంచా అనే అంటారు. అంజనా, భటేనా, ఉధనా వైపు పాత షెడ్లలో సాంచాల మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందే ఉంటుంది. షిఫ్టు పన్నెండు గంటలు. పొద్దున ఏడింటికి ఎక్కితే రాత్రి ఏడింటికి దిగాలి, రాత్రి ఎక్కినవాడు తెల్లారి దిగాలి. ఒక్కడే నాలుగో ఆరో ఎనిమిదో సాంచాలు చూసుకోవాలి. కూలి మీటర్ లెక్కన. కరెంటు పోయినా, నూలు చుట్టిన బీమ్ అయిపోయినా మీటరు ముందుకు పోదు, కూలీ పడదు. ఒకే షెడ్డును కాగితాల మీద నాలుగైదు చిన్న యూనిట్లుగా చీల్చి, ఫ్యాక్టరీల చట్టం కిందికి రాకుండా దుకాణాల చట్టం కింద రిజిస్టర్ చేయించడం ఇక్కడి సేఠ్‌లకు పాత విద్య. దక్షిణ గుజరాత్ కూలీల బతుకును 1960ల నుంచి దగ్గరగా చూస్తూ వచ్చిన డచ్ సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రెమన్ రాతల్లో ఇలాంటి కిటుకులు ఎన్నో కనపడతాయి. చెవుడు రావడం, వేలు తెగడం, దగ్గు పట్టడం లాంటివి ఈ పనిలో జీతంతో పాటు వచ్చేవే. వాటికి లెక్కాపత్రం ఉండదు.

సాంచా మీద దిగిన తెల్ల గుడ్డను తాకాల (తానుల) లెక్కన కొలుస్తారు. అది పాండేసరా, సచిన్ వైపు మిల్లులకు పోయి రంగూ అచ్చూ వేయించుకుని రింగ్ రోడ్డుకు వస్తుంది. అక్కడి నుంచి మళ్లీ గర్నాలా దాటి లింబాయత్ ఇళ్లలోకి వస్తుంది. లేసు కుట్టడం, రాళ్లు అంటించడం, అంచున వేలాడే దారాలు కత్తిరించడం, మడతపెట్టి కవర్లో వేయడం. ఇదంతా ఆడవాళ్ల పని. చీరకు ఇంత అని కూలి. మధ్యాహ్నం వంట ముగించి గడప ముందు చీరల కుప్ప పెట్టుకు కూర్చునే తెలుగు ఆడవాళ్లను ఏ సర్వే కూడా కార్మికులుగా లెక్కపెట్టదు. కానీ ఇంటి అద్దె, పిల్లల ట్యూషను గడిచేది ఆ కుప్పలోంచే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. తర్వాత చెప్పబోయేదానికి ఇదే కీలకం.

2017 బతుకమ్మ పండుగకు తెలంగాణ ప్రభుత్వం ఆడపడుచులకు చీరలు పంచింది. సుమారు కోటి చీరలు కావాలి. సిరిసిల్ల మొదటి ఏడాది అన్ని నేయలేకపోయింది కాబట్టి దాదాపు సగం సూరత్ నుంచి తెప్పించారు. నాణ్యత లేదని కొన్నిచోట్ల చీరల్ని కుప్పేసి తగలబెట్టారు. 'సూరత్ చీర' అనే మాటే తిట్టయింది. దాన్ని నేసిన చేతులు వరంగల్ వైపు గీసుగొండ వాళ్లవో, పరకాల వాళ్లవో అయ్యుండొచ్చన్న సంగతి ఆ మంటల్లో ఎవరికీ తట్టలేదు. సరిగ్గా అదే ఏడాది అక్టోబరు 22న వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ శంకుస్థాపన చేశారు. సూరత్, భీవండి, షోలాపూర్ వెళ్లిపోయిన మన నేతన్నలను తిరిగి రప్పించడం ఆ పార్కు ఉద్దేశాల్లో ఒకటి. అంతకుముందే సూరత్ నుంచి తిరిగొచ్చిన వరంగల్ నేతగాళ్లు సహకార సంఘం కట్టుకుని మడికొండలో చిన్న టెక్స్‌టైల్ పార్కు మొదలుపెట్టి ఉన్నారు.

రమ్మనడం మంచిదే. సొంత గడ్డమీద పని దొరికితే ఎవరికి చేదు? కానీ పిలిచేవాళ్లు లెక్క వేసింది ఒక్క సాంచానే అని నాకనిపిస్తుంది. సాంచాను లారీ ఎక్కించొచ్చు. దానికి పొద్దున ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి బీమ్ పంపే నూలు షాపు, విరిగిన పార్టు గంటలో బాగుచేసే మెకానిక్, తాకా దిగంగానే తీసుకుపోయే టెంపో, అప్పు పెట్టే సేఠ్, రంగు వేసే మిల్లు, పదడుగుల్లో ఉన్న మార్కెట్టు, ఇంట్లో ఇల్లాలికి చీరల కుప్ప - వీటిని ఏ లారీ ఎక్కిస్తాం? పార్కు మగవాడికి ఉద్యోగం చూపించింది. లింబాయత్ మాత్రం ఇంటిల్లిపాదికీ పని చూపిస్తుంది. ఆ పని చవకే, అన్యాయమే, అయినా పని పనే. తిరిగొచ్చినవాళ్లు కొందరు నిలదొక్కుకున్నారు, కొందరు మళ్లీ నవజీవన్ ఎక్కారు. తప్పు వాళ్లది కాదు.

అలాగని లింబాయత్‌ను స్వర్గం చేసి చూపించడం లేదు. సూరత్‌కు రెండు రకాల వరదలు. ఒకటి ఉకాయ్ డ్యామ్ గేట్లెత్తితే తపతిలో వచ్చేది. 2006 ఆగస్టులో ఊరు ఊరంతా మునిగింది. దాని మీద పుస్తకాలు, కమిటీలు వచ్చాయి. రెండోది ఖాడీ వరద. మీఠీ ఖాడీ అనే వాగు లింబాయత్ మధ్యలోంచి పోతుంది. పేరుకు తియ్యటిది, వాసన వేరే. తూర్పున పల్సాణా, బార్డోలీ వైపు పొలాల్లో గట్టి వాన పడితే, ఇక్కడ చినుకు లేకపోయినా ఇళ్లలోకి నీళ్లొస్తాయి. 2025 జూన్‌లోనూ అదే కథ. నీళ్లు తీశాక తడిసిన చీరల కుప్ప ఎవరి నష్టం? సేఠ్ చూపు ముందు కుట్టినవాళ్ల మీదే పడుతుంది. 2020 వేసవిలో కరోనా తొలి రోజుల్లో నగరం మొత్తంలో ఎక్కువ కేసులు లింబాయత్ జోన్‌లోనే వచ్చాయి. ఒకే గదిలో ఆరుగురుండే చోట దూరం పాటించమంటే ఏం పాటిస్తారు?

పండుగల్లో మాత్రం ఈ వాడ ముచ్చట చూడాలి. మహాలయ అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది, మర్నాటి నుంచి గుజరాతీల గర్బా. ఈ గల్లీలో పూలు పేర్చి చుట్టూ చప్పట్లు కొడుతుంటే, ఆ గల్లీలో దీపపు కుండ చుట్టూ చప్పట్లు. రెంటికీ పేరంటాళ్లు అటూ ఇటూ పోతారు. తంగేడు, గునుగు దొరకడమే కష్టం. బంతిపూలతో సర్దుకుంటారు.

నగరపాలిక విద్యా సమితి ఏడు మాధ్యమాల్లో బడులు నడుపుతుంది, వాటిలో తెలుగు కూడా ఉంది. మన రెండు రాష్ట్రాల్లోనే తెలుగు బడికి పిల్లలు కరువవుతున్న రోజుల్లో ఒక గుజరాతీ నగరపాలిక ఆ పని చేయడం మెచ్చుకోదగ్గదే. అయినా ఇక్కడి కొత్త తరం తండ్రులు కొడుకును తెలుగు బడిలో వేయాలంటే వెనకాడతారు, సాంచా మీద నిలబెట్టాలంటే ఇంకా వెనకాడతారు. 2017లో జీఎస్టీ మీద సూరత్ వ్యాపారులు వారాల తరబడి సమ్మె చేశారు. ఆ తర్వాతి గడ్డు రోజుల్లో పాత సాంచాలు ఎన్నో తుక్కు కింద కిలోల లెక్కన అమ్ముడుపోయాయి. వాటి స్థానంలో వస్తున్న వాటర్‌జెట్, రేపియర్ మెషీన్లకు అంతమంది మనుషులు అక్కర్లేదు. తండ్రులకు ఆ సంగతి బాగా తెలుసు.

కొడుకులు రైలు కట్ట దాటి రింగ్ రోడ్డు వైపు పోతున్నారు. వరంగల్, గుంటూరు, ఖమ్మం నుంచి వచ్చే వ్యాపారులకు తెలుగులో మాట్లాడే సేల్స్‌మన్ కావాలి, ఆ పని వీళ్లది. కొందరు ఎంబ్రాయిడరీ డిజైన్లు కంప్యూటర్ మీద గీస్తున్నారు. ఫోన్ ముందు చీర పరిచి "అక్కా, ఇది డోలా సిల్క్, కనీసం ఆరు తీసుకోవాలె, పార్సిల్ మేమే పంపుతం" అని యూట్యూబ్‌లో చెప్పే కుర్రాళ్లూ ఉన్నారు. భేసాన్ నుంచి సరోలీ దాకా కడుతున్న మెట్రో లైను అంజనా, మాగోబ్ మీదుగా పోతుంది. అది మొదలైతే అటు వైపు గల్లీల వాళ్లకు మార్కెట్టుకు గర్నాలాలో నీళ్లు దాటాల్సిన అవసరం తగ్గుతుంది. ఇళ్ల అద్దెలు పెరుగుతాయని ఓనర్లు ఇప్పటి నుంచే అంటున్నారు.