ఫోనులో వచ్చు దొంగలు

పూర్వము దొంగ గోడకు కన్నము వేసి వచ్చెడివాడు. నేడు మన చేతిలోని ఫోనులో తీయగా మాటాడుచు వచ్చుచున్నాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల గృహిణులు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని మనవి చేసెదము.

ఒక యిల్లాలు గద్వాల చీర అమ్మదలచినదనుకొందము. ఎవడో కొనెదనని చెప్పి, "సొమ్ము పంపితిని, ఈ క్యూఆర్ గుర్తును స్కాన్ చేసి పిన్ను కొట్టుడు" అనును. సొమ్ము పుచ్చుకొనుటకు యూపీఐ పిన్నుతో పనియే లేదు. కొట్టితిమా, మన సొమ్మే వెడలిపోవును.

మరియొకడు పోలీసు దుస్తులతో వీడియోలో కనబడి, "మీరు డిజిటల్ అరెస్టులో నున్నారు, ఎవరికిని చెప్పరాదు" అని బెదరించును. అట్టిది చట్టములో లేనే లేదని 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియోలో చెప్పియున్నారు. "ఎవరికిని చెప్పరాదు" అను మాటయే మోసమునకు గురుతు. పెండ్లిపిలుపను పేర వాట్సాప్‌లో వచ్చు ఏపీకే ఫైలును తెరవకుడు. ఓటీపీ నెవరికిని చెప్పకుడు.

మోసపోయిన స్త్రీ తరచుగా ఇంటివారు నిందింతురని వెరచి దాచును. ఆ దాచిన గడియలలోనే సొమ్ము ఖాతానుండి ఖాతాకు పోవును. వెంటనే 1930 నంబరునకు ఫోను చేసినచో, పోవుచున్న సొమ్మును బ్యాంకులు నిలుపుటకు అవకాశము కలదు.

కావున ఇంటి పెద్దలకు మా మనవి యొక్కటే: కోడలిని తిట్టుటకు ముందు ఆ ఫోను చేయుడు. తిట్టునకు వెరచిన నోరు మరల తెరువబడదు. దొంగకు కావలసినది ఆ మౌనమే.