చేపునకు రాని గేదె

దూడ చచ్చిన గేదెను గూర్చి మన సంఘసభ్యులు అడుగని నెల లేదు. "నిన్నటివరకు పూటకు నాలుగు లీటర్లిచ్చిన గేదె నేడు చెంబెడైనను ఈయకున్నది. పొదుగు నిండియే యున్నది. చన్ను లాగిన చుక్క రాదు. ఎగచేపినది. ఏమి చేయుదుము?" అని వారి ప్రశ్న. దీనికి బజారులో సిద్ధముగా నొక జవాబు దొరకుచున్నది. పేరైనను సరిగా అచ్చువేయని యొక చిన్న సీసా, ఒక సూది. పూటకొక పోటు పొడిచినచో కొలది నిమిషములలో పాలు ధార కట్టును. ఆ సీసాలో నున్నదేమి? అది గేదె శరీరములో చేయు పని యేమి? ఈ సంగతి తెలిసినగాని, సూది పట్టుటయో మానుటయో రైతు తానుగా నిర్ణయించుకొనజాలడు. కావున దానినే యిచ్చట కొంత వివరముగా వ్రాయ దలచితిమి.

ఊరిలో కబురు పంపుటకు రెండు మార్గములు గలవు. ఒక మనిషిని పిలిచి, ఫలానా యింటికి పోయి ఫలానా వానితో చెప్పి రమ్మనుట యొకటి; టముకు వేయించుట రెండవది. టముకు ఊరంతటికిని వినబడును గాని, సంబంధించినవాడే లేచి వచ్చును. జంతుశరీరమునందును ఇట్లే రెండు విధములుగా కబుర్లు నడచుచున్నవి. నరములు మొదటి తరహావి. ఈగ వాలినచోటికే తోక పోవుట వాని పని. వేగముగల నరములలో కబురు సెకనుకు 100 మీటర్ల వరకు పరుగెత్తును. రెండవ తరహా వార్త రక్తములో కలసి శరీరమంతయు తిరుగును. గ్రంథులు కొన్ని రసములను రక్తములోనికి విడుచును. ఏ అవయవమునకు ఆ రసము భాష తెలియునో ఆ అవయవమే కదలును. 1902 లో లండనులో బెయిలిస్, స్టార్లింగు అను నిరువురు శాస్త్రజ్ఞులు ప్రేగునకు పోవు నరములను ఖండించి చూచిరి. అయినను ప్రేగునుండి రక్తముద్వారా వార్త పోయి, క్లోమగ్రంథి తన రసమును విడిచినది. 1905 లో స్టార్లింగు ఇట్టి రసములకు 'హార్మోను' అని పేరుపెట్టెను. లేపునది, పురికొల్పునది అని ఆ గ్రీకుమాటకు అర్థము.

ఇక పొదుగు సంగతి. పొదుగు పాలు నింపిన తోలుసంచి యని చాలమంది తలంపు. అది నిజము కాదు. లోపల కంటికి కానరానంత చిన్న పాలబుడగలు ద్రాక్షగుత్తులవలె కోట్లకొలది గలవు. రక్తములోని సారమును గైకొని పాలు చేయునవి అవియే. ప్రతి బుడగను బుట్ట అల్లినట్లు సన్నని కండరకణములు చుట్టుకొనియుండును. బుడగలనుండి పాలు సన్ననాళములద్వారా చన్నుపైనున్న చిన్నతొట్టిలోనికి దిగవలెను. ఆవు పొదుగులో ఇంచుమించు అయిదవ వంతు పాలు ముందుగనే ఆ తొట్టిలో నిలిచియుండును. గేదెకట్లు కాదు, నూటికి అయిదు పాళ్లమాత్రమే తొట్టిలో నుండును, తక్కినదంతయు బుడగలలోనే. అందుచేతనే చేపునకు రాని ఆవు కొంతయైన నిచ్చును గాని గేదె యేమియు నీయదు. గేదె మొండిదని తిట్టువారు ఈ లెక్క నొకమారు జ్ఞాపకము చేసికొందురుగాక.

దూడ వచ్చి మూతితో పొదుగును కుమ్మి చన్ను చీకగానే, ఆ స్పర్శ నరములద్వారా వెన్నుపామునకును, అచ్చటినుండి మెదడునకును ప్రాకును. మెదడు అడుగున వ్రేలాడు పీయూషగ్రంథి 'ఆక్సిటోసిన్' అను హార్మోనును రక్తములోనికి విడుచును. అది పొదుగును చేరి, బుడగల చుట్టునున్న బుట్టలను బిగియజేయును. పాలు దిగును. ఇదియే మన పెద్దలు చేపు అన్నది. వెళ్లునప్పుడు నరముమీద, వచ్చునప్పుడు రక్తముమీద ప్రయాణము. ఆవునకు దీనికి నిమిషము లోపుగనే చాలును; గేదెకు రెండు నిమిషములో అంతకెక్కువయో పట్టును. కాని ఆ హార్మోను రక్తములో ఎంతోసేపు నిలువదు, కొలది నిమిషములలో నశించును. చేపిన తరువాత ఆరేడు నిమిషములలో పితుకుట ముగింపవలెననుటకు కారణమిదియే. చన్ను పట్టి పొరుగువారితో ముచ్చటలాడుచు పితికినచో చివరిపాలు పొదుగులోనే మిగులును. వెన్న యెక్కువగా నుండునదియు ఆ చివరిపాలలోనే!

ఇది ఊహ కాదు. 1941 లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఈలీ, పీటర్సను అనువారు ఒక ఆవు పొదుగులో సగమునకు పోవు నరములను కోసివేసిరి. పితుకువేళకు రెండు సగములును చేపినవి. అనగా పొదుగునకు ఆజ్ఞ చేరినది నరముద్వారా కాదు, రక్తముద్వారానే. అంతటితో వారు విడువలేదు. ఆవు వీపుమీద పిల్లిని నిలిపి, కాగితపు సంచులు ఠపఠప పగులగొట్టి బెదరించిరి. పాలు రాలేదు. భయము కలిగినప్పుడు 'అడ్రినలిన్' అను మరియొక హార్మోను రక్తములోనికి వచ్చును. అది పొదుగునకు రక్తము తెచ్చు సన్ననాళములను ముడుచుకొనజేయును; మెదడునుండి ఆక్సిటోసిన్ విడుదలయు కుంటుపడును. కొట్టము వాకిట కుక్క మొరిగినను, కొత్తమనిషి చెంబు పట్టినను, కఱ్ఱతో ఒక దెబ్బ వేసినను జరుగునది ఇదే. కొట్టి పితికినవానికి పాలు తక్కువ వచ్చుట గేదె కోపము కాదు, దాని రక్తములోని మార్పు.

దూడ చచ్చినప్పుడు దాని చర్మములో గడ్డి కూరి తల్లియెదుట నిలుపు పాత పద్ధతి మనలో గలదు. దానిని మోటుతనమని నవ్వువారున్నారు. మేము నవ్వము. స్పర్శయే కాదు, వాసన, చూపు, దాణాతొట్టి చప్పుడు గూడ అలవాటుమీద అదే కబురును మెదడునకు అందింపగలవు. ఈ యలవాటే మన పట్టు. దూడకు బదులు తవుడు, తెలకపిండి కలిపిన దాణాను పితుకువేళకే ముందుంచవలెను. మనిషి మారరాదు, వేళ మారరాదు, చోటు మారరాదు. పొదుగును గోరువెచ్చని నీటితో కడిగి, రెండు మూడు నిమిషములు మెల్లగా నిమురుచు, చన్నులు బిగిసిన పిమ్మటనే పితుకుట మొదలుపెట్టవలెను. మొదటి దినములలో పాలు తక్కువ పడును, ఓర్పు వలయును. ఇదియు ఫలింపనిచో పశువైద్యుని పిలువుడు. రాబోవు ఈతలో పడ్డను మొదటిరోజునుండియే దూడ లేకుండ చేతికి చేపుట కలవాటు చేసిన, ఈ చిక్కే యుండదు. అప్పుడు దూడకు జున్నుపాలు గిన్నెతో పట్టుట మఱువరాదు. ఎన్నో యిండ్లలో మగదూడ యెట్లు చచ్చుచున్నదో చెప్పనక్కరలేదు. పాలు మిగులునని దానిని మాడ్చి, తుదకు తల్లి చేపుపోయి, సూదిమందునకు డబ్బు పోయుట యే లెక్కన లాభమో మాకు బోధపడలేదు.

సీసాలోనిది ఆ ఆక్సిటోసినే. 1953 లో డు విన్యో అను శాస్త్రజ్ఞుడు దీనిని ప్రయోగశాలలో తయారుచేసెను; 1955 లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చెను. కానుపువేళ వైద్యులు వాడుకొను మంచి మందిది. కాని ఇది బుడగలలో నున్న పాలను దింపునే గాని, లేని పాలను పుట్టింపదు. పాలు పుట్టుట మేతలోనున్నది, జాతిలోనున్నది. పూటపూటకు వెలుపలినుండి ఆజ్ఞ వచ్చుచుండగా గేదె తన కబురును తాను పంపుకొనుట క్రమముగా మఱచును. పిదప సూది లేనిదే చేపదు. గర్భాశయమును గూడ ఈ మందు బిగియించును గనుక చూడిపశువునకు అపాయము. ఈ పాలు త్రాగినవారికి హార్మోను ఎక్కునను భయముమాత్రము అంత బలమైనది కాదు. అది తొమ్మిది అమినోఆమ్లముల గొలుసు, జీర్ణకోశములో తెగిపోవును. హాని పశువునకే యెక్కువ. వైద్యుని చీటి లేనిదే దీనిని అమ్మరాదు. పాలకై పశువు ఆరోగ్యమునకు చెరుపుచేయు సూది పొడుచుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టముయొక్క 12 వ విభాగము క్రింద నేరము. పశువును జప్తు చేయుటకును అందు వీలున్నది.

ఇట్టి మందులు పశువులకే గాక పైరులకును వచ్చినవి. పురుగుమందుల దుకాణములలో పూత నిలుపునవి, ఎదుగుదల నిచ్చునవి అని విక్రయింపబడు వానిలో పెక్కు మొక్కల హార్మోనులే. మొక్కకు నరములు లేవు. అత్తిపత్తి ఆకును తాకిన విద్యుత్తువంటి యల యొకటి కాడవెంట పారి, ఆకులు ముడుచుకొనును; కలకత్తాలో జగదీశచంద్ర బోసుగారు దానిని యంత్రములతో కొలిచి చూపిరి. అయినను మొక్క కాపురమంతయు ముఖ్యముగా హార్మోనుల మీదనే నడచును. కొనమొగ్గలో పుట్టు 'ఆక్సిన్' క్రిందికి దిగి పక్కమొగ్గలను అణచియుంచును. కంది తలలు త్రుంచిన పక్కకొమ్మలు వేయుట అందుచేతనే. ఈ విద్యకు ఖర్చు లేదు.

హార్మోను మితి తప్పిన నేమగునో వరినే చూడుడు. ఒక తెగులు తగిలిన చేనిలో అక్కడక్కడ కొన్ని మొక్కలు పాలిపోయి, సన్నగా, తక్కినవానికంటె పొడవుగా లేచి, గింజ పట్టకయే చచ్చును. జపానువారు దీనిని వెర్రిమొక్క యందురు. 1926 లో కురొసావా అను శాస్త్రజ్ఞుడు, ఆ తెగులు కలిగించు శిలీంధ్రము విడుచు పదార్థమే ఈ వెర్రికి కారణమని కనుగొనెను. దానికే పిమ్మట జిబ్బరెల్లిన్ అని పేరు వచ్చినది. నేడు ద్రాక్షతోటలలో గింజలేని పండ్లను పెంచుటకు చల్లునది ఈ వెర్రిమందే.

పూత రాలకుండ చల్లు నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లము ఆక్సిన్ జాతిది. నూటికి నాలుగున్నర పాళ్ల ద్రావణమైనచో, 4.5 లీటర్ల నీటికి 1 మిల్లీలీటరు కలిపిన పదిలక్షలకు 10 పాళ్లగును. అంత చాలును. ఎక్కువ పోసిన ఎక్కువ నిలుచునని తలపకుడు. ఆపిలుతోటలవారు పిందెలు పలుచబరచుటకు, అనగా రాల్చుటకు, వాడునదియు ఇదియే! వేళ మారి, మోతాదు మారిన ఆజ్ఞయే తారుమారగును. వరిలో వెడల్పాటి ఆకుల కలుపును చంపు 2,4-డి సైతము కృత్రిమమైన ఆక్సినే. దాని ఆవిరియో తుంపరయో ప్రక్కనున్న ప్రత్తికి తగిలినచో ఆకులు బెండాకులవలె చీలి సన్నబడును. ఆ మందు వాడిన పంపును ప్రత్తికి వాడరాదు. కడిగితిమి గదా యని వాడి, పైరు పోగొట్టుకొన్నవారున్నారు. దానికి గుర్తు వేసి వేరుగా నుంచుడు.

దూడ లేని గేదెను పైన వ్రాసిన రీతిని అలవాటు చేయ బూనిన సభ్యులు, ఎన్నవనాడు చేపునకు వచ్చినదో, పూటకెన్ని పాలు పడినవో వ్రాసియుంచి, పాలకేంద్రమున మన గుమాస్తాకు ఈయ గోరుచున్నాము. వచ్చిన లెక్కలను, రాని గేదెల లెక్కలతో సహా, ఈ పత్రికయందే ప్రకటింతుము.