ఒంటరిగా పాడినవారి బృందగానము



2020 మార్చి చివరివారమున లాక్‌డౌన్ వచ్చినప్పుడు మా మందిరము తలుపులు కూడ మూతపడ్డాయి. ఈ అనంతపురం మెట్టపల్లెలలో వాన రాని ఏడు కూడ మేము కలిసి పాడుట మానలేదు. ఆ నెలలలో మానవలసి వచ్చినది. బెంగుళూరుకు కూలిపనికి వెళ్లిన మావారు కొందరు అక్కడే చిక్కుకుపోయారు.

ఆ దినములలోనే ఒక బృందగానమును గూర్చి విన్నాము. అమెరికా సంగీతకర్త ఎరిక్ విటేకర్ 2010లో 12 దేశముల నుండి 185 మంది గొంతులను ఇంటర్నెట్టు ద్వారా చేర్చి ఒక పాటగా వినిపించారు. 2020 జూలైలో ఆయన వ్రాసిన "సింగ్ జెంట్లీ" అను పాటకు 129 దేశములవారు 17,572 మంది గొంతు కలిపారు. ఒకరి ముఖము ఒకరు చూచి ఎరుగనివారే ఎక్కువ.

ఇది ఎట్లు సాధ్యమని మా యువజనులను అడిగాము. అందరును ఒకేసారి పాడుట కుదరదట. ఇంటర్నెట్టులో శబ్దము ఆలస్యముగా చేరును గనుక తాళము నిలువదు. అందుచేత ప్రతివారు తమ ఇంటిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకొని, విటేకర్ చేతులాడించు వీడియోను చూచుచు, తమ వంతు వరుస మాత్రమే పాడి పంపుతారు. అది ఆ ఇంటివారికి పాటవలెనే తోచదు, సగము మాటవలె ఉండును! తరువాత వాటినన్నిటిని ఒకదానిమీద ఒకటి పేర్చి కూర్చుతారు.

మావారు కూడ ప్రయత్నించారు. పద్నాలుగు ఫోనులనుండి పాట వచ్చినది. కువైట్‌లో ఇంటిపని చేయుచున్న ఒక సహోదరి వంటగదిలో మెల్లగా పాడి పంపినది. ఆమెను ఈ పిల్లలెవరును చూడలేదు. మేకల అరుపులు, బోరు మోటారు చప్పుడు కూడ వాటిలో వచ్చినవి. మా సంఘములో ఒక అవ్వ మనవరాలి ఫోనులో పాడినది గాని, తాళముకు వెనుకబడినది. "అయ్యగారూ, అవ్వది తీసేద్దామా?" అని కూర్చు అబ్బాయి అడిగాడు. తీసేయమన్నాము.

పాట అందరికి చేరినది. బాగున్నదని కువైట్ నుండి కూడ కబురు వచ్చినది. రెండు దినముల తరువాత అవ్వ మా వాకిట నిలిచి, "అయ్యగారూ, మూడుసార్లు పెట్టించుకొని ఇన్న్యాను. అందరూ ఉండారు. నా గొంతు యాడా ఇనపల్లేదే?" అన్నది. మాకు జవాబు రాలేదు.

ఆ వారమే అబ్బాయి పాటను మరల కూర్చినాడు. రెండవ చరణములో ఒక గొంతు అందరికంటె కొంచెము వెనుకగా వచ్చును. మందిరములో కూడ అవ్వ ఎప్పుడును అట్లే పాడేది.