మూత తీశాకే బయానా

బస్తర్ జిల్లా కేంద్రం జగదల్‌పూర్‌లో పాత ఇల్లు బేరానికొస్తే పట్టా, వాస్తు, బోరునీళ్ల గురించి వాకబు చేయడం మామూలే. మరి సెప్టిక్ ట్యాంకు? దాని మూత ఒక్కోసారి వాకిటి టైల్స్ కిందే ఉండిపోతుంది. రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయించాల్సిన ట్యాంకు అది. పగుళ్లిస్తే మురుగు బావిలోకి ఊరుతుంది. ఇంద్రావతి ఒడ్డునున్న ఊరికి ఇది చిన్న విషయమేమీ కాదు.

అసలు చిక్కు ట్యాంకు నిండాకే. ఇరుకు సందులోకి గొట్టం లారీ రాదు. అప్పుడు చౌకగా దొరికేది మనిషే. రక్షణ సాధనాలు లేకుండా అతణ్ని లోపలికి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, లేదా రూ.2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మురుగు పనుల్లో మరణిస్తే ఇచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో రూ.30 లక్షలకు పెంచింది.

బయానా ఇచ్చేముందు అమ్మేవారిని అడగాల్సింది ఇదే: చివరిసారి ఎప్పుడు ఖాళీ చేయించారు, లారీ ఎక్కడ ఆగింది?