ల్యాప్‌టాప్ పాతదా? లోపలి కార్డు పాతదా?

వేములవాడ: ఇంటికి ఫైబర్ తీగ వచ్చింది. గోడకు బిగించిన పెట్టె మీద దీపాలు వెలుగుతున్నాయి. సెల్‌ఫోనులో వీడియో ఆగకుండా నడుస్తోంది. పక్కనే వున్న ల్యాప్‌టాప్‌లో మాత్రం అదే వీడియో నిమిషానికోసారి నిలిచిపోతోంది. పాత ల్యాప్‌టాప్ వాడే ఇళ్లల్లో ఇది తరచు ఎదురయ్యే ఇబ్బంది.

దీనికి వెంటనే తట్టే మందు కొత్త ల్యాప్‌టాప్ కొనడం. బీడీలు చుట్టే ఇంట్లోనైనా, మర మగ్గం నడిపే ఇంట్లోనైనా ముప్పయి నలభై వేల రూపాయలంటే చిన్న మాట కాదు. అప్పు చేయాలి, లేదా గల్ఫ్‌లో వున్న మనిషికి కబురు పెట్టాలి. ఆ పని చేసేముందు ఒక సంగతి తెలుసుకోవడం మంచిది. గాలిలో వచ్చే ఇంటర్నెట్‌ను అందుకునేది ల్యాప్‌టాప్ మొత్తం కాదు. దాని లోపల తపాలా బిళ్లంత వుండే ఒక చిన్న కార్డు. దాన్నే వైఫై కార్డు అంటారు. చాలా ల్యాప్‌టాప్‌లలో దీన్ని విప్పి మరొకటి బిగించవచ్చు. కార్డు ధర కొత్త ల్యాప్‌టాప్ ధరలో పదో వంతు కూడా వుండదు.

అయితే చూసుకోకుండా కార్డు కొంటే ఆ డబ్బూ దండుగే. అన్ని కార్డులూ అన్ని ల్యాప్‌టాప్‌లకూ పట్టవు. కొన్ని ఇళ్లల్లో కార్డు మార్చినా వేగం పెరగదు.

చెరువు నిండింది, తూము పాతదే

ఈ ప్రాంతంలో ల్యాప్‌టాప్‌లు రెండు మూడు దారుల్లో ఇళ్లకు చేరాయి. గల్ఫ్ నుంచి సెలవుపై వచ్చేవారు తెచ్చినవి కొన్ని. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకునే వీలుంది. చదువుల కోసం వచ్చినవి మరికొన్ని. కొండగట్టు దగ్గరి నాచుపల్లిలో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల 2007లో, సిరిసిల్లలో 2021లో మొదలయ్యాయి. 2008లో మొదలైన బాసర ట్రిపుల్ ఐటీ, పల్లె విద్యార్థుల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి పాఠం చెప్పే పద్ధతి పెట్టింది. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు సెకండ్‌హాండ్‌వి కొన్న ఇళ్లూ వున్నాయి. అన్న చదువు ముగిస్తే తమ్ముడికి, ఆ తర్వాత చెల్లెలికి అదే యంత్రం వస్తుంది.

ఆ యంత్రాలు కొన్ననాడు ఇంటర్నెట్ వేగమే తక్కువ. టెలిఫోను తీగ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్‌కు పాత కార్డు సరిపోయేది. ఇప్పుడు తీగ మారింది. గ్రామ పంచాయతీలకు ఫైబర్ వేసే కేంద్ర పథకం 2011లో మంజూరై, తర్వాత భారత్‌నెట్ పేరుతో సాగింది. 2024 డిసెంబరులో టీ-ఫైబర్ సేవలను ప్రయోగాత్మకంగా ప్రారంభించిన గ్రామాల్లో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ ఒకటి. కంపెనీలు, స్థానిక కేబుల్ ఆపరేటర్లు కూడా ఇళ్లకు ఫైబర్ ఇస్తున్నారు. చెరువు నిండింది గాని తూము మారలేదు. నీరెంత వున్నా తూము వదిలినంతే పొలానికి పారుతుంది.

రెండు దారులు

వైఫై ప్రధానంగా రెండు రకాల తరంగాల మీద నడుస్తుంది. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండవది 5 గిగాహెర్ట్జ్. పాత ల్యాప్‌టాప్‌లలో, అందులోనూ తక్కువ ధరవాటిలో, మొదటి రకాన్ని మాత్రమే అందుకునే కార్డు పెట్టేవారు.

2.4 తరంగం దూరం పోతుంది, గోడలు దాటుతుంది. కాని దారి ఇరుకు. ఇందులో 13 చానళ్లు వున్నా ఒకదానితో ఒకటి రాసుకోకుండా నడిచేవి మూడే. అవి 1, 6, 11 నంబర్లవి. బ్లూటూత్, మైక్రోవేవ్ పొయ్యి కూడా ఈ దారిలోకే వస్తాయి. వేములవాడ ఆలయ వీధుల్లో లాడ్జీలు, హోటళ్లు, దుకాణాలు పక్కపక్కనే వుంటాయి. చోటుకో పెట్టె చొప్పున పెడితే అన్నీ ఆ మూడు వరుసల్లోనే తోసుకోవాలి. శివరాత్రి జాతరకు మూడే క్యూలు కట్టినట్లవుతుంది. 5 గిగాహెర్ట్జ్‌లో చానళ్లు ఎక్కువ, వేగమూ ఎక్కువ. మందపు గోడ అడ్డం వస్తే మాత్రం త్వరగా బలహీనపడుతుంది.

ఇక్కడ ఒక పొరపాటుకు ఆస్కారం వుంది. పెట్టె చూపించే పేరు చివర 5జి అని వుంటే అది సెల్ టవరు 5జి కాదు. 5 గిగాహెర్ట్జ్ అని మాత్రమే దాని అర్థం. రెండింటికీ సంబంధం లేదు.

కార్డుల్లోనూ తరాలు వున్నాయి. వైఫై 4 ప్రమాణం 2009లో, వైఫై 5 2013లో, వైఫై 6 2021లో ఖరారయ్యాయి. ఈ అంకెల పేర్లు 2018లో పెట్టినవి. అంతకుముందు వాటిని ఎన్, ఏసీ, ఏఎక్స్ అనే అక్షరాలతో పిలిచేవారు. ఒకే యాంటెన్నాతో పనిచేసే వైఫై 4 కార్డు మామూలు చానల్‌లో కాగితం మీద సెకనుకు 72 మెగాబిట్లు అందుకుంటుంది. చేతికి వచ్చేది ఇంచుమించు అందులో సగం. రెండు యాంటెన్నాల వైఫై 5 కార్డుకు కాగితం మీద వేగం 867 మెగాబిట్లు. తేడా ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది.

ముందు రోగం తెలియాలి

కార్డు కొనేముందు ఇంట్లోనే మూడు పరీక్షలు చేసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు.

మొదటిది, ల్యాప్‌టాప్‌ను పెట్టె దగ్గరకు తీసుకుపోయి తీగతో కలిపి చూడాలి. తీగతో వేగంగా నడిచి, గాలిలో నెమ్మదిగా నడిస్తే అనుమానం వైఫై మీద. తీగతోనూ నెమ్మదిగా వుంటే తప్పు లైనుదైనా కావాలి, యంత్రానిదైనా కావాలి. కార్డు మార్చి లాభం లేదు.

రెండవది, అదే చోట ఫోనును, ల్యాప్‌టాప్‌ను పక్కపక్కన పెట్టి వైఫై పేర్లు చూడాలి. ఫోనుకు 5 గిగాహెర్ట్జ్ పేరు కనిపించి ల్యాప్‌టాప్‌కు కనిపించకపోతే దాని కార్డు పాత రకమని అనుకోవచ్చు. పెట్టె రెండు దారులకూ ఒకే పేరు పెట్టివుంటే ఈ పరీక్ష చెల్లదు. అప్పుడు ల్యాప్‌టాప్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్ల కింద కార్డు పేరు, నంబరు రాసుకోవాలి. ఆ నంబరునుబట్టి కార్డు ఏ తరానిదో తెలుస్తుంది.

మూడవది, నెలకు కడుతున్నది ఎంత వేగానికో బిల్లులో చూడాలి. ఇరవై ముప్పయి మెగాబిట్ల ప్లాను వుండి, చుట్టుపక్కల పెట్టెలు లేని పల్లె ఇల్లయితే పాత కార్డే సరిపోవచ్చు. పెట్టె కూడా పాతదై 2.4 మాత్రమే ఇస్తుంటే ల్యాప్‌టాప్‌లో ఎంత మంచి కార్డు పెట్టినా పెద్ద తేడా వుండదు. కండెలో నూలు లేనప్పుడు మగ్గానికి కొత్త మోటారు బిగించినట్లవుతుంది.

ఏ కార్డు పడుతుంది?

రోగం కార్డుదేనని తేలితే నాలుగు సంగతులు చూసుకోవాలి.

మొదటిది కార్డు ఆకారం. సుమారు పదేళ్లకు పైబడిన ల్యాప్‌టాప్‌లలో మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ రకం ఎక్కువ. తర్వాత వచ్చినవాటిలో ఎం.2 రకం వుంటుంది. దీని కొలత 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు. ఒకదాని చోట రెండవది నేరుగా పట్టదు. వాటి యాంటెన్నా తీగల కొసలు కూడా వేరు. ఎం.2 కార్డు బొత్తాలు ఇంకా చిన్నవి. కొన్ని పలుచని ల్యాప్‌టాప్‌లలో కార్డును బోర్డుకే అతికిస్తారు. అలాంటివాటిలో మార్చే వీలే లేదు.

రెండవది ఇంటెల్ కార్డుల్లోని తేడా. ఏఎక్స్ 200, ఏఎక్స్ 210 మామూలు ఎం.2 కార్డులు. ఏఎక్స్ 201, ఏఎక్స్ 211 మాత్రం పని సగం ఇంటెల్ బోర్డుకే వదిలే రకం. అందుకు తగిన ఇంటెల్ బోర్డు లేకపోతే అవి పనిచేయవు. ఏఎండీ ప్రాసెసర్ వున్న ల్యాప్‌టాప్‌కు అసలు పనికిరావు. చూపుకు అన్నీ ఒకేలా వుంటాయి, నంబరులో ఒక్క అంకే తేడా. ఎక్కువ డబ్బు దండుగయ్యేది ఇక్కడే.

మూడవది తాళం. లెనోవో, హెచ్.పి. పాత మోడళ్లు కొన్నిటిలో కంపెనీ ఒప్పుకున్న కార్డులు తప్ప వేరేవి పెట్టకుండా లోపల జాబితా పెట్టారు. జాబితాలో లేని కార్డు పెడితే యంత్రం తెరుచుకోకుండా హెచ్చరిక చూపి ఆగిపోతుంది. పాత కార్డు తిరిగి పెడితే మామూలవుతుంది. మోడల్ నంబరు చెప్పి ముందే విచారించుకోవాలి.

నాలుగవది డ్రైవర్. ఏఎక్స్ 200, ఏఎక్స్ 210 కార్డులకు ఇంటెల్ విండోస్ 7 డ్రైవర్లు ఇవ్వలేదు. విండోస్ 10 లేదా ఆ తర్వాతది వుండాలి. కొత్త కార్డు డ్రైవర్‌ను పాత కార్డు వుండగానే దించుకుని పెట్టుకోవాలి. పాతది విప్పాక ఇంటర్నెట్ కోసం వెతుక్కునే బాధ తప్పుతుంది.

బిగించేటప్పుడు

తేలికగా తెరుచుకునే మోడల్ అయితే ఇది పదిహేను, ఇరవై నిమిషాల పని. వేములవాడ, సిరిసిల్లల్లో ల్యాప్‌టాప్ మరమ్మతు చేసేవారికి తెలిసిన పనే. కార్డు దగ్గరలో దొరకకపోతే కరీంనగర్‌లోనో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో విచారించవచ్చు. పట్టకపోతే తిరిగి తీసుకుంటారో లేదో ముందే అడిగి, రసీదు తీసుకోవాలి.

ఎవరు చేసినా మొదట ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపాలి. చార్జరు తీయాలి. లోపలి బ్యాటరీ తీగ ఊడదీయాలి. ఈ ఒక్క మాట మరిచిపోతే బోర్డే పోయే ప్రమాదం వుంది. ఒంట్లోని స్థిర విద్యుత్తు పోవడానికి ఏదైనా పెద్ద లోహపు వస్తువును తాకాలి. కార్డుకు నలుపు, తెలుపు రంగుల్లో రెండు సన్నని తీగలు వుంటాయి. అవే యాంటెన్నాలు. ఏది ఎక్కడుందో ఫోనుతో ఫొటో తీసుకుంటే మంచిది. వాటి కొసలను నిటారుగా పైకి లేపి తీయాలి, మళ్లీ సరిగ్గా బొత్తం మీద నిలిపి నొక్కాలి. పక్కకు లాగితే విరుగుతాయి. ఒక తీగ వదిలేస్తే కార్డు పనిచేస్తుంది గాని వేగం, దూరం తగ్గుతాయి. బ్లూటూత్ కూడా సాధారణంగా ఇదే కార్డులో వుంటుంది కనుక చివర అదీ చూసుకోవాలి.

ఇంకో దారి, ఇంకో మాట

కార్డు మార్చే వీలు లేనివారు నిరాశపడనవసరం లేదు. యూఎస్‌బీ రంధ్రంలో గుచ్చే రెండు దారుల వైఫై పరికరాలు దొరుకుతాయి. బల్ల మీదే కూర్చుని చదువుకునేవారికి పెట్టె నుంచి తీగ లాగడం అన్నిటికన్నా చవక. ల్యాప్‌టాప్ తెరుచుకోవడమే ఆలస్యమైతే అది వైఫై జబ్బు కాదు. హార్డ్‌డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేయించడం దానికి మందు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు కంపెనీ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 పట్టని యంత్రంలో లినక్స్ వేసుకుని నడపవచ్చు. ఇంటెల్ కార్డులకు అందులో డ్రైవర్లు ముందే వుంటాయి.

తీసిన పాత కార్డును పారేయకుండా కవరులో పెట్టి దాచుకోవాలి. కొత్తది మొరాయిస్తే అదే అక్కరకు వస్తుంది. ఇంటర్ పిల్లలకు ప్రవేశ పరీక్షల దరఖాస్తులు, కళాశాలల వెబ్ ఆప్షన్లు అన్నీ ఇంటర్నెట్ మీదనే. అవి గడువు తేదీలతో వస్తాయి. ఆ రోజు రాకముందే ఇంట్లోని యంత్రాన్ని ఒకసారి పరీక్షించి చూసుకుంటే, కొత్తదానికి అప్పు చేయాలా, చిన్న కార్డుతో సరిపోతుందా అన్నది తేలిపోతుంది.