మండే ఎండల్లో పరుగు పందెం పెట్టవచ్చా?



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో మే నెల ఎండ సంగతి మీకు తెలుసు. కొన్నేండ్లు 45 డిగ్రీలు కూడా దాటుతుంది. ఆ రోజుల్లో ఉపాధి హామీ పనికి పొద్దుగాలనే పోతాం. ఎండ ముదరక ముందే ఇల్లు చేరుతాం. అట్లా చేస్తే మనల్ని ఎవరూ పిరికివాళ్లు అనరు. మరి పరుగు పందేలకు ఈ తెలివి వద్దా?

మన పిల్లలు కూడా ఉరుకుతున్నారు. 2022 పోలీసు ఉద్యోగాలకు ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలి. మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలి. ఆ పరీక్షలు చలికాలంలో, డిసెంబరులో మొదలుపెట్టారు. అది మంచి పని. కానీ పిల్లలు ఎండాకాలంలో కూడా ఉరికి నేర్చుకుంటారు.

ఒంట్లో ఏమవుతుంది?

మన ఒంటి వేడి 37 డిగ్రీలు. ఉరికితే లోపల వేడి పుడుతుంది. అప్పుడు చెమట పోస్తుంది. ఆ చెమట ఆరితే ఒళ్లు చల్లబడుతుంది. మట్టి కుండలో నీళ్లు చల్లబడేది కూడా ఇట్లాగే. కుండ పైన చెమ్మ ఆరుతుంటేనే లోపలి నీళ్లు చల్లగా ఉంటాయి.

ఉక్కపోత ఉంటే చెమట ఆరదు. వేడి లోపలే ఉండిపోతుంది. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే మెదడు దెబ్బతినవచ్చు. మనిషి తూలుతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు, పడిపోతాడు. అదే వడదెబ్బ. ఉరికేవాళ్లకు చెమట పోస్తుండగానే వడదెబ్బ తగలవచ్చు.

వేరే చోట్ల ఏం చేశారు?

మారథాన్ అంటే 42 కిలోమీటర్ల పరుగు. దాదాపు జగిత్యాల నుంచి కోరుట్లకు పోయి వచ్చినంత దూరం. 2007 అక్టోబరులో అమెరికాలోని షికాగో నగరంలో ఈ పరుగు పెట్టారు. ఎండ 31 డిగ్రీలు. మనకు అది చల్లని రోజే! కానీ ఉక్కపోత ఎక్కువ. వందల మంది జబ్బుపడ్డారు. పరుగును మధ్యలో ఆపేశారు. 2023 అక్టోబరు 1న మినియాపొలిస్ దగ్గర మారథాన్‌ను మొదలు కాకముందే రద్దు చేశారు. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్‌ను చల్లటి సప్పోరో నగరానికి మార్చారు. పొద్దున 7 గంటల పరుగును 6 గంటలకు జరిపారు.

మన దేశంలో చేదు అనుభవం ఉంది. 2024లో జార్ఖండ్‌లో కానిస్టేబుల్ ఉద్యోగాలకు మగవాళ్లు గంటలో 10 కిలోమీటర్లు ఉరకాలి. ఆ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పదిమందికి పైగా చనిపోయారు. తర్వాత ప్రభుత్వం పరుగును కొన్ని రోజులు ఆపింది. పొద్దున 9 దాటాక ఉరికించవద్దని ముఖ్యమంత్రి చెప్పారు.

ఎవరు ఆపాలి?

"ఏడాది కష్టపడ్డాం, ఇప్పుడు ఆపుతారా?" అని పిల్లలు అడుగుతారు. వాళ్ల బాధ నిజమే. అందుకే ముందు పొద్దు మార్చాలి. లేదంటే దూరం తగ్గించాలి. అవీ కుదరకపోతే రద్దు చేయాలి. ఉద్యోగం కోసం ఉరికే పిల్ల తల తిరుగుతున్నా ఆగదు. కాబట్టి ఆపే బాధ్యత పరుగు పెట్టేవాళ్లదే. పరుగుకు ఇంకో తేదీ పెట్టవచ్చు. పోయిన ప్రాణం రాదు.

మనం ఏం చేయాలి?

మీ బిడ్డ పరుగుకు పోతుంటే కాగితం మీరే చదవండి. ఏ గంటకు పెట్టారు? నీళ్లు, నీడ, అంబులెన్సు ఉన్నాయా? లేకుంటే అడగండి. ఎండకు ఒళ్లు అలవాటు కావడానికి పది పదిహేను రోజులు పడుతుంది. మెల్లమెల్లగా నేర్చుకోమనండి.

ఎవరికైనా వడదెబ్బ తగిలితే వెంటనే నీడకు తేవాలి. బట్టలు వదులు చేయాలి. ఒళ్లంతా చల్లని నీళ్లు పోసి విసరాలి. 108కి ఫోన్ చేయాలి. తెలివి లేని మనిషి నోట్లో నీళ్లు పోయవద్దు.

మీ కేంద్రంలో మాట్లాడుకోండి: మన ఊరిలో ఎండాకాలం ఆటలు ఏ పొద్దున పెడుతున్నారు? ఎవరికి చెబితే మారుస్తారు?