దాళ్వా నీరు – న్యాయమైన ఆశ

ఆశపడుట వేరు, ఆశించుటకు అర్హత కలిగియుండుట వేరు. ఈ భేదమును గుర్తించుటకు మన గోదావరి కాలువగట్టు మంచి చోటు.

ధవళేశ్వరమున కాటన్ దొర 1847లో ఆరంభించి 1852 నాటికి ముగించిన ఆనకట్ట వలన డెల్టాలో సార్వా పంట ఇంచుమించు నిశ్చయమైనది. దాళ్వా అట్టిది కాదు. నదిలో నీరు సన్నగిల్లిన పిమ్మట సాగగు పంట యది. సీలేరు విద్యుత్కేంద్రముల నుండి దిగివచ్చు నీరు దానికి పెద్ద అండ. ఏ యేట ఎంత ఆయకట్టునకు నీరీయవచ్చునో నీటిపారుదల సలహా మండలి సమావేశములలో తేలవలసినదే. నీరు చాలని యేడు కొంత భూమిని బీడుంచుమనుటయు, వంతులవారీగా నీరు వదలుటయు మన మెరిగినవే.

అట్టి యేట రైతు "నిరుడిచ్చిన నీరు ఈ యేడేల ఈయరు?" అని యడిగినచో ఆ ప్రశ్నకు బలమెంత?

1968లో ఆంగ్లదేశమున కొందరు పరదేశ విద్యార్థులు తమ నివాసపు గడువును పొడిగింపలేదని న్యాయస్థానమున కెక్కిరి. వారు ఓడిపోయిరి. కాని డెన్నింగ్ ప్రభువు ఆ తీర్పులో ఒక మెలిక చూపెను: ఇచ్చిన గడువు తీరకమునుపే పొమ్మన్నచో, ఆ గడువంతయు ఉండవచ్చునన్న న్యాయమైన ఆశ వారికున్నది గనుక, వారి మాట వినవలసి యుండెడిది, గడువు తీరిన పిమ్మట అట్టి ఆశ లేదు.

దీనిని మన పొలమునకు అన్వయించి చూడుడు. నారుమడి పోయకమునుపే "ఈ యేడు నీరు లేదు" అన్నచో రైతునకు కలుగునది నిరాశ. అన్యాయమనుటకు నాకు నోరు రాదు. నీరిత్తుమని ప్రకటించి, నాట్లు పడి, చేను పొట్టమీద నున్నప్పుడు కాలువ కట్టివేసినచో అది వేరు సంగతి. ఆ మాటను నమ్మియే అతడు అప్పు చేసెను, విత్తనము కొనెను. రెండు పంటలు లెక్కించి కౌలొప్పుకొన్నవాని గతి మరియు కష్టము. భూమి అతనిది కాదు, నష్టము మాత్రము అతనిదే.

ఈ ఆశకు మన సుప్రీంకోర్టు ఇచ్చిన స్థానము పరిమితమైనది. భారత ఆహార సంస్థ పాడైన ధాన్యమును అమ్మజూపగా, అందరికంటె ఎక్కువ ధర పాడినవారు తమకే దక్కవలెనని వ్యాజ్యమాడిరి. సంస్థ బేరమాడి అంతకన్న మంచి ధర రాబట్టినది. 1992లో న్యాయమూర్తి వర్మ గారి తీర్పు సంస్థ పక్షమే వచ్చినది. కేవలమైన ఆశ తనంత తాను హక్కు కాకపోవచ్చును. కాని దానిని లెక్కలోనికి తీసికొనని నిర్ణయము ఏకపక్షమై, రాజ్యాంగపు 14వ అధికరణమునకు విరుద్ధమగునని అందలి సారము.

లెక్కలోనికి తీసికొనుట! నీతిశాస్త్రజ్ఞులు ఇంతటితో తృప్తిపడలేదు. 1874లో సిడ్జ్విక్ పండితుడు, సహజముగా ఏర్పడిన ఆశలను తీర్చుట న్యాయమున ఒక భాగమనియే తలచెను. అట్టి ఆశల హద్దులు అస్పష్టములనియు ఒప్పుకొనెను. ఆ అస్పష్టత శివారు భూములకు పోయిన కంటికి కట్టును. నీటి ప్రకటన ఆయకట్టున కంతటికిని ఒక్కటే. తూము దగ్గరివాని చేను పండును. అదే ప్రకటన విని నాటిన శివారు రైతు చేనికి నీరెక్కక మడి బీటలువారును. అప్పుడతడు తన మొర నెవరైన వినవలెనని మాత్రమే కోరడు. నీరడుగును, లేదా పెట్టుబడి యడుగును.